కుడి వింగర్ రెనాతో

రెనాతో అనే ఇటలీ ఆటగాడు యూఏఈలో అల్ ఐన్ శివారులోని ఒక చిన్న ఫుట్‌బాల్ క్లబ్బుకు 2022 సెప్టెంబరులో వచ్చాడు. అప్పటికి అతనికి ముప్పై నాలుగేళ్లు. ఆ మైదానంలో గడ్డి కోసి, నీళ్లు పెట్టి, తెల్లగీతలు గీసే భూమేశ్‌ది జగిత్యాల దగ్గర పల్లె. వయసులో ఇద్దరికీ ఏడాదే తేడా.

రెనాతో కుడి వింగర్. మైదానం కుడి అంచు వెంట బంతితో దూసుకుపోయి, గోలు ముందున్నవాళ్లకు అందించడం అతని పని. తండ్రి చేపల పడవ మీద కూలీ. పదహారేళ్లకే ఇల్లు వదిలి పెద్ద క్లబ్బులో చేరాడు. ఇరవై రెండుకు పేపర్లలో ఫోటోలు పడ్డాయి. ఇరవై అయిదుకు ఎడమ మోకాలు దెబ్బతింది. ఆపరేషన్ అయ్యాక ఏ క్లబ్బూ అతన్ని రెండేళ్లకు మించి ఉంచుకోలేదు. గ్రీసు, సైప్రస్ తిరిగి ఇక్కడ తేలాడు.

ఇదంతా రెనాతో స్వయంగా చెప్పిందే. ప్రాక్టీసుకు అందరికన్నా ముందొచ్చి, మోకాలికి పట్టీ చుట్టుకుంటూ, సగం ఇంగ్లీషులో, సగం ఇక్కడ నేర్చిన హిందీ ముక్కల్లో చెప్పేవాడు. భూమేశ్ పైపు పట్టుకుని వినేవాడు. ఆ క్లబ్బులో తనను పేరు పెట్టి పిలిచే ఆటగాడు అతనొక్కడే.

ఫిబ్రవరిలో తూర్పు అంచున మట్టి లోపలి పైపు పగిలింది. పైకి పచ్చగానే ఉన్నా, అడుగేస్తే కాలు చీలమండ దాకా దిగబడేది. మ్యాచ్ ఇక రెండు రోజులే. భూమేశ్ పోయి ముదీర్‌కు చెప్పాడు. క్లబ్బు నడిపే ఆ పెద్దమనిషి, తవ్వితే మ్యాచ్ ఆగిపోతుందని, ఇసుక పోసి పైన గడ్డి పరిచెయ్యమన్నాడు. ఈ మాట బయటికి పొక్కితే వీసా ఖలాస్ అని కూడా అన్నాడు. భూమేశ్ ఇసుక పోశాడు.

మొదటి సగంలో రెనాతో పడమటి అంచునే ఆడి, ఒక గోలుకు బంతి అందించాడు. విరామం తర్వాత జట్లు వైపులు మారతాయి. కుడి వింగర్ తూర్పు అంచుకు వస్తాడు. భూమేశ్ నీళ్ల సీసా తీసుకుని అతని దగ్గరకు పోయాడు. రెనాతో సీసా అందుకుని భుజం తట్టాడు. రెండడుగుల దూరంలో ముదీర్ నిలబడి ఉన్నాడు. పైపు సంగతి చెప్పకుండానే భూమేశ్ వెనక్కి వచ్చేశాడు.

అరవయ్యో నిమిషంలో రెనాతో బంతి వెంట ఉరికాడు. ఎడమ కాలు ఇసుకలో దిగింది, ఒళ్లు తిరిగింది, కాలు తిరగలేదు. గడ్డిని రెండు గుప్పిళ్లా పట్టుకుని బోర్లా పడి ఉన్నాడు.

మూడో రోజు భూమేశ్ ఆసుపత్రికి పోయాడు.

"సార్, గాడ పైపు పల్గింది. నాకు ఎర్కే. నీకు జెప్పకపోతి."

రెనాతో దిండుకు ఆనుకుని లేచి కూర్చున్నాడు. పాత దెబ్బే తిరగబెట్టిందని క్లబ్బు అంటోందని, తనను వదిలించుకోవాలని చూస్తోందని చెప్పాడు.

"ఇదే మాట వాళ్ల ముందు చెప్తావా?"

భూమేశ్ తలూపాడు.

గాయం మీద క్లబ్బు పెట్టిన విచారణ ముదీర్ ఆఫీసు గదిలోనే జరిగింది. బల్ల మీద ముదీర్ చేతి పక్కన భూమేశ్ పాస్‌పోర్టు ఉంది. రెనాతో చంకకర్రల మీద ఆనుకుని నిలబడ్డాడు. పైపు కారిందా అని ముదీర్ హిందీలో అడిగాడు. ఊళ్లో భార్య లావణ్య, ఇద్దరు పిల్లలు భూమేశ్ కళ్లలో మెదిలారు.

"లేదు సార్, భూమి గట్టిగనే ఉండె."

రెనాతో కర్రలు సర్దుకుని, తలుపు తీయమని తనను తెచ్చిన క్లబ్బు డ్రైవర్‌ను అడిగాడు.

వారానికి అతన్ని విమానం ఎక్కించారు. మళ్లీ ఆడలేదని, వాళ్ల ఊరి రేవులో చేపలు తూకం వేస్తున్నాడని ఏడాది తర్వాత ఆ డ్రైవరే చెప్పాడు. అప్పటికే భూమేశ్ బతిమాలుకుని, తన వీసాకు పూచీపడ్డ కఫీల్‌కే ఉన్న ఖర్జూరపు తోటకు మారిపోయాడు. మైదానంలో తేలిక పని వదులుకుని ఈ తోట చాకిరీకి ఎందుకొచ్చావని గదిలో ఉండే పోచన్న అడిగితే, జరిగింది అతనికొక్కడికే చెప్పాడు.

"నీ జాగల నేనున్నా గట్లనే జెప్తుంటి," అన్నాడు పోచన్న.

ఆ మాటతో భూమేశ్‌కు ఏ ఊరటా కలగలేదు.