గెన్సుకె చావు తేదీ

మా రేవులో అలలకి అడ్డంగా ఉన్న గోడ ఒకప్పటి యుద్ధనౌక. పేరు షిమగిరి, జాతి డిస్ట్రాయర్. తైవాన్ దగ్గర టార్పెడో తగిలి ముక్కు ఊడితే, వెనక్కి లాక్కొచ్చి మొండిముక్కు ఒకటి అతికించారు. ఆ తర్వాత ఇంధనం లేక, ఒళ్లంతా చెట్ల కొమ్మలు కప్పుకుని ఓ దీవి చాటున నక్కింది. దేశం ఓడిపోయాక ఫిరంగులు పీకేసి, పరాయి రేవుల్లో చిక్కుబడ్డ మనవాళ్లను ఇళ్లకు చేర్చే పనిలో పెట్టారు. అది జన్మలో చేసిన మర్యాదైన పని అదొక్కటే. చివరికి పైభాగం పాత ఇనుము కింద పోయింది. పొట్టలో రాళ్లు నింపి ఇక్కడ ముంచారు.

ఆ నౌకలో పనిచేసి బతికినవాళ్లు పెట్టుకున్న షిమగిరి సంఘం పెద్దలు చెప్పే కథలో కొమ్మలుండవు. వాళ్లు ఏటా వసంతంలో టైలు కట్టుకుని వస్తారు, గోడ మీద బియ్యపు సారా సాకే పోస్తారు, పోయినవాళ్ల పేర్లు చదువుతారు. రద్దయిపోయి ఇరవై ఏళ్లవుతున్న నౌకాదళంలో ఎవరి హోదా ఎంతో, విందులో వాళ్ల చాప అంత ముందుకి. సబ్బుల టోకు వ్యాపారి ఉరగామిని "లెఫ్టినెంట్ గారూ" అనకపోతే ఆయనకి ముద్ద దిగదు. చచ్చినవాళ్లకీ ఆ వరసే: ముందు అధికారులు, చివర బాయిలర్ వాళ్లు.

ఆ చివరనా చోటు దొరకనివాడు యసునాగ గెన్సుకె. జనాన్ని ఇళ్లకు తెస్తున్న ప్రయాణంలో, 1946 మార్చిలో, అతుకుల ఆవిరిగొట్టం పగిలి పోయాడు. లొంగిపోయాక చచ్చినవాడు వీరుడు కాడని సంఘం తీర్పు.

అతని భార్య కిను రేవు దగ్గర చేపముద్దల కొట్టు నడుపుతుంది. పేరు చదివినా, మానినా ఆమెకొకటే. కానీ మామగారు తొకుజి పక్క మీంచి లేవడం మానేశాడు. సంఘం కొత్తగా నిలబెట్టే రాతి మీద కొడుకు పేరు పడుతుందన్న మాట వింటేగానీ పోనంటున్నాడు. అందుకని కిను మొహమాటం చంపుకుని ఉరగామికి కబురు పెట్టింది. ఆయన కొట్టుకి వచ్చి, పెట్టినవన్నీ తింటూ దారి చెప్పాడు.

"చూడమ్మా, నియమం నియమమే. కానీ మనలో మాట, 1945 ఆగస్టు పధ్నాలుగని చెక్కిద్దాం. లొంగిపోవడానికి ముందురోజు. వీరమరణం! ఎవడు అడగొచ్చాడు?"

"మా అమ్మాయి ఫుమి అడుగుతుంది."

"చిన్నపిల్ల, దానికేం తెలుసు?"

"అది పుట్టింది 1946 అక్టోబరులో, లెఫ్టినెంట్ గారూ."

ఉరగామి దవడ ఆగింది.

"రాతి మీద మా ఆయన్ని అంత ముందే చంపేస్తే, పిల్ల ఎవరిదంటారు జనం? సంఘానిదని చెప్పనా?"

బల్ల చివరనున్న పడవవాళ్లు పగలబడి నవ్వారు. "సంఘమంటే హోదా ప్రకారం కదా వదినా! ముందు వరస లెఫ్టినెంట్ గారిదే!" అన్నాడొకడు.

ఉరగామి మొహం ఉడికిన పీతలా అయింది. సభామర్యాద గురించి ఏదో గొణుక్కుంటూ టోపీ పెట్టుకుని వెళ్లిపోయాడు.

కొట్టులో గెలవడం తేలికే. ఇంట్లో ముసలాయనకి చెప్పడమే కష్టం.

"మామయ్యా, పేరు వేస్తారట. కానీ ఆగస్టులోనే పోయాడని రాస్తారట. అప్పుడు ఫుమి..." అని ఆగిపోయింది.

గంజి తాగిస్తున్న ఫుమి చెంచా గిన్నెలో పెట్టేసింది. ఇన్నాళ్లూ ఆ పేరు కోసమే ఊపిరి బిగబట్టుకున్న తొకుజి మోచేతి మీద కాస్త లేచాడు.

"ఓడిపోయాక వచ్చిన కొత్త సంవత్సరానికి వాడు ఇక్కడే కూర్చుని, నా వాటా దుంపలు కూడా తిన్నాడు. చచ్చినవాడు తింటాడా? ఆ రాయి వాళ్ల నెత్తినేసుకోమను. నువ్వు పొయ్యవే ఫుమీ, గంజి చల్లారిపోతోంది."

వానలు మొదలవకముందే ఆయన పోయాడు. మరుసటి వసంతంలో రాయి లేచింది, గెన్సుకె పేరు లేకుండానే. ఆ రోజు కిను కొట్టు తెరవలేదు. రేవులో తిండి దొరికే చోటు ఇంకోటి లేదు. వీరగాథలన్నీ సంఘంవాళ్లు ఖాళీ కడుపులతోనే వినాల్సొచ్చింది.