బావ నొక్కిన బొత్తం

ఒక మనిషి తన చేతిని తానే నమ్మలేక చచ్చిపోయాడు. ఆ పాపం నాది. ఇన్నేళ్ళూ దాన్ని మోశానని చెబితే ఏదో గొప్ప పని చేసినట్టుంటుంది. మోయలేదు. దాచాను. దాచడమూ బరువే, కాని మంచివాళ్ళు మోసే బరువు కాదది. మీరెవరో నాకు తెలియదు. తెలియకపోవడమే మంచిది. తెలిసినవాళ్ళ మొహం చూస్తే నేను మళ్ళీ అబద్ధమే చెబుతాను. అలవాటైపోయింది.

ఇది రాస్తుంటే నాకు ఏడుపు రావడం లేదు. కోపం వస్తోంది. చాలా ఏళ్ళు ఆ కోపం బావ మీదనే అనుకున్నాను.

డెబ్బైల చివర్లో తిరువళ్ళూరులో నాకొక చిన్న మెకానిక్ షెడ్డు ఉండేది. మా అక్క మొగుడు, అంటే మా బావ, టాక్సీ తోలేవాడు. సొంత కారు. తిరుత్తణి కొండకు పోయే భక్తులకూ, పెళ్ళివాళ్ళకూ, మద్రాసు ఆసుపత్రులకు పోయే రోగులకూ ఆయనే కావాలి. మనిషి మంచివాడు. నవ్వుతూ మాట్లాడేవాడు. ఆయనలో ఒకటే చెడ్డ గుణం. నలుగురు చేరితే చాలు, పక్కవాణ్ణి నవ్వులపాలు చేసేవాడు. పగతో కాదు, ఊరికే. ఆ ఊరికే చేయడమే నాకు సహించేది కాదు. పగ ఉంటే కనీసం నన్ను లెక్కలో పెట్టినట్టు కదా?

పళ్ళిపట్టు వైపు నుంచి మనవాళ్ళే, భూములున్నవాళ్ళు, పిల్లనిద్దామని నన్ను చూడటానికి వచ్చారు. అందరూ కూర్చుని కాఫీ తాగుతున్నారు. బావ అందుకున్నాడు. "మా బామ్మర్దికి మనుషుల మొగాలు తెలీవు. ఎప్పుడూ బండి కిందనే గదా పండుకోనుండేది. పెండ్లాం వచ్చి పక్కన నిలబడినా చక్రమనుకొని విప్పేస్తాడు." అందరూ నవ్వారు. పిల్ల తండ్రీ నవ్వాడు. నేనూ నవ్వాను. ఆ తరువాత వాళ్ళ దగ్గర నుంచి కబురు రాలేదు. ఆ మాట వల్లే రాలేదని నేనెలా తేల్చుకున్నాను? వేరే కారణం ఉండకూడదా? ఈ ప్రశ్న ఇప్పుడు వేసుకుంటున్నాను. అప్పుడు వేసుకోలేదు. కోపానికి ఒక మనిషి దొరికాడు, అది చాలింది.

ఆ కోపం పచ్చిగా ఉండగానే ఆడికృత్తిక వచ్చింది. ఆ పండక్కి చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళందరూ కావళ్ళు మోసుకుంటూ తిరుత్తణికి నడిచిపోతారు. పండక్కి ముందురోజు బావ కారు తెచ్చి నా షెడ్డు ముందు ఆపాడు.

ఆ కారులో ముందు అద్దం కడగడానికి ఒక ఏర్పాటు ఉండేది. బానెట్ కింద ప్లాస్టిక్ డబ్బాలో నీళ్ళు పోసిపెడతారు. అక్కడి నుంచి సన్నటి రబ్బరు గొట్టం డ్రైవరు ముందున్న బొత్తం వెనక్కి వస్తుంది. బొత్తాన్ని బొటనవేలితో గట్టిగా నొక్కితే నీళ్ళు అద్దం మీదికి చిమ్ముతాయి, వైపరు తుడుస్తుంది. ఆ గొట్టం బొత్తం దగ్గర చీలిపోయింది. నీళ్ళు లోపలికి కారి బావ కాళ్ళ మీద పడుతున్నాయి.

"చెప్పు తడిసి బ్రేకు మీద జారతా ఉండాది బామ్మర్దీ. రేపు కొండకు సవారీ ఉంది. రోంత చూసిపెట్టు" అన్నాడు.

చీలిన కొస కోసేసి, మంచి కొసను బొత్తం వెనక మూతికి ఎక్కించి, తీగ చుట్టి బిగిస్తే అయిపోయే పని. కళ్ళు మూసుకుని చేయగలను. చేయలేదు. బానెట్ ఎత్తి, డబ్బా దగ్గరే గొట్టాన్ని మడిచి తీగతో కట్టేశాను. నీళ్ళు కారడం ఆగిపోయింది. అద్దం మీదికి రావడమూ ఆగిపోయింది.

"చేసేసినాను బావా" అన్నాను.

బావ తన కాళ్ళ దగ్గర చేత్తో తడిమి చూసుకున్నాడు. పొడిగా ఉంది. బొత్తం నొక్కి చూడలేదు. నేను చేసిన పనిని ఆయన ఎన్నడూ సరిచూసుకోలేదు. నలుగురిలో నన్ను ఎగతాళి చేసేవాడే తన ప్రాణాన్ని నా చేతిలో పెట్టి పోయేవాడు. ఈ సంగతి నాకు అప్పుడు తట్టలేదా? తట్టింది. తట్టినా కట్టు విప్పలేదు.

నేను కోరుకున్నది చిన్నదే. దారిలో అద్దం మురికవుతుంది, నీళ్ళు రావు, కారు పక్కన ఆపి, కారెక్కిన సవారీల ముందు దిగి, గుడ్డతో తుడుచుకుంటాడు, వాళ్ళు నవ్వుతారు. అంతే. చిన్నదని ఎందుకు చెబుతున్నాను మీకు? తగ్గించుకోవడానికేనా? అవును, అందుకే. అద్దం మురికి కావడమంటే తోలేవాడికి కళ్ళు పోవడమేనని మెకానిక్కుకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

మరునాడు వాన పడి వెలిసింది. ఇక చెప్పేది నేను చూసింది కాదు, బావ చెప్పింది. ఆయన చెప్పిన ప్రతి మాటా నిజమని ఈ లోకంలో నాకొక్కడికే తెలుసు. తిరుత్తణి ఇంకా కొంత దూరం ఉందనగా ఎదురుగా వచ్చిన లారీ గుంతలోని ఎర్రబురదను ఎగజిమ్మింది. అద్దమంతా కప్పుకుపోయింది. బావ వైపరు వేశాడు. అది ఆ బురదను అద్దం నిండా పూసింది. బొత్తం నొక్కాడు. మళ్ళీ నొక్కాడు. బ్రేకు వేసేలోపల కారు రోడ్డు అంచుకు జరిగింది. పొన్నేరి దగ్గర పల్లె నుంచి వచ్చిన ఒక రైతు భుజాన పూలకావడితో నడుస్తున్నాడు. చక్రం అతని కాలి మీదికి ఎక్కింది. తరువాత ఆ కాలు మోకాలి కింద తీసేశారు. జనం బావను కారులోంచి లాగి కొట్టారు.

కబురు తెలిసి బస్సులో వెళ్ళాను. బావను ఆసుపత్రిలో పడుకోబెట్టారు. నేను ముందు ఆయన దగ్గరికి పోలేదు. కారు దగ్గరికి పోయాను. అది పోలీసు స్టేషను ఆవరణలో ఉంది. పెట్రోలు కారుతుందేమో చూస్తానని కానిస్టేబులుకు చెప్పాను. తలూపాడు. బానెట్ ఎత్తి తీగ విప్పి జేబులో వేసుకున్నాను. మడత పడిన గొట్టాన్ని వేళ్ళతో నలిపి సాపు చేశాను. తరువాత కారులో కూర్చుని, ముందురోజు చేయాల్సిన పని అప్పుడు చేశాను. చీలిన కొస జేబుకత్తితో కోశాను. మంచి కొస ఎక్కించాను. బిగించాను. నా బతుకులో ఇంకే పనీ అంత శ్రద్ధగా చేయలేదు. చేతులు వణికాయని రాస్తే బాగుండును. వణకలేదు.

మరునాడు బండ్లు తనిఖీ చేసే ఇన్‌స్పెక్టరు వచ్చాడు. బావ తలకు కట్టుతో నిలబడి, బొత్తం నొక్కినా నీళ్ళు రాలేదని చెప్పాడు. ఇన్‌స్పెక్టరు లోపల కూర్చుని నొక్కాడు. నీళ్ళు రెండు పాయలుగా లేచి అద్దం మీద పడ్డాయి. "నల్లాదానే వరుదు" అన్నాడు తమిళంలో, బాగానే వస్తున్నాయి కదా అని. ఇంకోసారి నొక్కాడు. మళ్ళీ వచ్చాయి.

బావ ఆ నీళ్ళను చూశాడు. తరువాత తన బొటనవేలిని చూసుకున్నాడు. నా వైపు చూడలేదు. ఒక్కసారి చూసివుంటే నేను దొరికిపోయేవాణ్ణేమో. డబ్బా దగ్గర గొట్టం మీద నా తీగ నొక్కిన గాడి ఇంకా ఉంది, బానెట్ ఎత్తి చూసినా సరిపోయేది. ఎందుకు చూడలేదయ్యా నువ్వు? అందరినీ ఎగతాళి చేయడానికి నోరుంది, బామ్మర్దిని అనుమానించడానికి మనసు రాలేదా? ఆయన మీద నాకు ఇంత మంట పుట్టింది ఆ రోజే, పెళ్ళిచూపుల రోజు కాదు. నన్ను పట్టుకోనందుకు.

అక్క నన్ను పక్కకు పిలిచి అడిగింది, నిజంగా బాగుచేసినావా అని. చేశానన్నాను. ఆయన నొక్కివుండడు, నిద్రమత్తులో తోలివుంటాడు అన్నాను. నిద్రమత్తు సంగతి నన్నెవరూ అడగలేదు. నేనే కలిపాను.

బావ జైలుకు పోయి వచ్చాడు. లైసెన్సు పోయింది. కారు పోయింది. అక్క ఆయనకు అన్నం పెట్టేది, మాట మాత్రం పెట్టేది కాదు. ఎవరైనా వస్తే, "ఈయప్ప చేతికి బండి ఇస్తే మనుషుల కాళ్ళు పోతాయి" అనేది ఆయనకు వినబడేటట్టు. ఆయన నవ్వించడం మానేశాడు. ఆత్తిపట్టు దగ్గర కరెంటు ఫ్యాక్టరీ పనులు జరిగే చోట వాచ్‌మన్‌గా కుదిరి, కాపురం అక్కడికే మార్చాడు. ఒకసారి పొన్నేరి సంతలో ఆ కాలు పోయిన రైతును చూశాను. చంకలో కర్ర పెట్టుకుని వడ్ల బస్తాల పక్కన నిలబడి, కళ్ళు మూసుకుని తోలిన ఆ డ్రైవరును ఎవరితోనో తిడుతున్నాడు. నేను పక్కనే నిలబడి తలూపాను. ఊపకుండా పోవచ్చు కదా? ఊపాను.

ఎనభైల చివర్లో ఒక ఆదివారం పొద్దున బావ నా షెడ్డుకు వచ్చాడు. బెంచీ మీద కూర్చున్నాడు. 

"బామ్మర్దీ, ఒక మాట అడగతా. కోపం చేసుకోవద్దు."

"అడుగు బావా."

"ఆ పొద్దు నేను బొత్తాం నొక్కినానా?"

"నన్నడిగితే? నేను యాడుండాను అప్పుడు?"

"నొక్కినట్టే ఉండాది. ఇదిగో, ఈ ఏలికి తెలస్తా ఉండాది. అయితే ఇన్‌స్పెక్టరు నొక్కితే నీళ్ళొచ్చినాయి గదా. నేను నొక్కింటే నాకూ రావల్ల గదా. రాలేదంటే నేను నొక్కలేదనే కదా అర్థం."

నేను పానా తుడుస్తూ ఉన్నాను. తుడిచినదాన్నే తుడుస్తున్నాను.

"మనసులో నొక్కిందాన్ని చేత్తో నొక్కినానని అనుకున్నానేమో. ఇన్నాళ్ళూ నీ పనికి చెడ్డపేరు తెచ్చినా. చక్కంగా చేసిచ్చినోడివి నువ్వు. మీ అక్క చెప్పేది నిజమే. నన్ను మనసులో పెట్టుకోవద్దప్పా."

ఆయన నన్ను క్షమించమని అడిగాడు. మీరు మళ్ళీ చదవండి, నేను తప్పు రాయలేదు. ఆయన నన్ను అడిగాడు. అప్పుడు నేనేం చేయాలి? చెప్పాలి. నోరు తెరిచి, నువ్వు నొక్కినావు బావా అని ఒక్క మాట చెప్పాలి. "పోనీలే బావా, అయిపోయిందేదో అయిపోయింది" అన్నాను. క్షమించాను. నేను ఆయన్ను క్షమించాను. ఆయన లేచి, తేలికపడినట్టు నా భుజం తట్టి, రైలు స్టేషను వైపు నడిచిపోయాడు. తనకున్న ఒక్క నిజాన్నీ అలా నా షెడ్డులో వదిలేసి పోతావా అని వెంటపడి కొట్టాలనిపించింది. ఆయన వదల్లేదు. నేను లాక్కున్నాను. ఇది తెలుసుకోవడానికి కూడా నాకు ఏళ్ళు పట్టింది.

తరువాతి వేసవిలో జ్వరం తగిలి ఆయన పోయాడు.

కర్మలు అయ్యాక అక్క ఆయన చొక్కాలు తీసి ఎవరికైనా ఇవ్వడానికి మడతపెడుతోంది. నేను ఎదురుగా కూర్చున్నాను. ఆమె గొంతులో కోపం లేదు. "పాపం, చేతగాని మనిషి" అంది. ఆ మాట ఎన్నోసార్లు విన్నదే. ఆ రోజు మాత్రం నాకు లోపల ఏదో తెగింది. అంతా చెప్పేశాను. మడత, తీగ, పోలీసు స్టేషను, షెడ్డులో ఆయన అడిగింది, నేను అన్నది.

అక్క చొక్కా మడత పూర్తిచేసింది. ఒక్కటే అడిగింది.

"ఆయప్పకు తెలుసునా?"

"తెలీదక్కా."

"తెలీకనే పోయినాడా."

 ఆమె అప్పటిదాకా మూటకట్టిన చొక్కాలను విప్పి ఒక్కొక్కటే మళ్ళీ పెట్టెలో పెట్టుకుంది. తరువాత అంది, "లెయ్. ఈ ఇంట్లో కూచోవద్దు."

లేచి వచ్చేశాను. అప్పటి నుంచి ఆమె నాతో మాట్లాడలేదు. ఈ సంగతి ఎవరికీ చెప్పనూ లేదు. ఎందుకు చెప్పలేదో నాకు తెలియదు. నన్ను కాపాడటానికి మాత్రం కాదు. బహుశా నా పేరు ఎత్తడం ఆమెకు ఇష్టం లేదేమో. మా బంధువుల్లో ఇప్పటికీ ఎవరైనా బండి అజాగ్రత్తగా తోలితే బావ పేరు పెట్టి వెక్కిరిస్తారు. అందుకే మీకు చెబుతున్నాను.

ఆ రోజు అక్క ఇంటి నుంచి రైలు స్టేషనుకు నడిచి వచ్చాను. మిట్టమధ్యాహ్నం. మద్రాసు వైపు పోయే రైలు ఒకటి నిండుగా వచ్చి పోయింది. ఎక్కలేదు. బల్ల మీద కూర్చున్నాను. చాలా ఏళ్ళ తరువాత నాకు ఆకలేసింది. నిజమైన ఆకలి. ఒంట్లోంచి ఏదో దిగిపోయినట్టు తేలిగ్గా ఉంది. మొగుణ్ణి రెండోసారి పోగొట్టుకుని ఆమె అక్కడ ఒంటరిగా కూర్చునివుంటే, ఇక్కడ నాకు తేలిగ్గా ఉంది. ఆ తేలిక మీదే నాకు కోపం. అయినా అబద్ధం చెప్పను. తేలిగ్గానే ఉంది.