గోడకి మొహం తిప్పిన బాక్సరు

నా చిన్నప్పుడు మా ఇంటి వసారాలో ఒక ఫోటో గోడకి మొహం తిప్పుకుని వేలాడుతుండేది. వచ్చినవాళ్ళకి కనిపించేది దాని వెనకున్న అట్టముక్క, ఆ అట్టకి కొట్టిన తుప్పు మేకులు, అంతే. కొత్తవాళ్ళు అదేమిటని అడిగితే మా మామ్మ, "తప్పు సేశాడని ఆడికి మా ముసలాయన శిచ్చ ఏశాడు" అని నవ్వేది. అటుపక్క ఎవరున్నారో మా పేటలో పిల్లలందరికీ తెలుసు. ఎక్కడో సముద్రాల అవతల, తన ఎదుట నిలబడ్డ ప్రతివాణ్ణీ పడగొట్టిన నల్లజాతి బాక్సరు. చేతులు మొహం దగ్గర పెట్టుకుని, మడమలు లేపి, వేళ్ళ మీద నిలబడి ఉండేవాడు. మిషన్ ఆస్పత్రిలో పాత పత్రికలు పారేస్తుంటే అందులోంచి ఆ బొమ్మ చింపి తెచ్చుకుని ఫ్రేము కట్టించుకున్నది మా తాతయ్యే. గోడకి తిప్పింది కూడా ఆయనే.

మా తాతయ్య మిలటరీ మనిషి. బర్మా యుద్ధానికి వెళ్ళి, ఎడమకాలి వేళ్ళు రెండు అక్కడే వదిలేసి, మూడు పతకాలూ ఒక జత బాక్సింగ్ గ్లౌజులూ తెచ్చుకున్నాడు. పటాలం తరఫున బాక్సింగ్ ఆడేవాడట. చీపురుపల్లికి దగ్గర్లోనే మా ఊరు. పెరట్లో చింతకొమ్మకి ఊకా ఇసకా కూరిన గోనెసంచి వేలాడదీసి, పొద్దున్నే పేట కుర్రాళ్ళకి నేర్పేవాడు. గ్లౌజులు ఒక్క జతే కనక ఒకడికి కుడిది, ఒకడికి ఎడమది. రెండో చేతికి పాత తువ్వాలు చుట్టుకోవాల్సిందే. ఆ తువ్వాలు దెబ్బే గట్టిగా తగిలేదని కుర్రాళ్ళు చెప్పుకునేవారు. అలా తయారైనవాళ్ళలో ఏటా ఒకరో ఇద్దరో మిలటరీకి ఎంపికయ్యేవారు. వాళ్ళు రైలెక్కే రోజున తాతయ్య మొహం చూడాలి, పెళ్ళికొడుకు తండ్రి కూడా అంత మురిసిపోడు.

అలాంటి మనిషి ప్రాణంలా చూసుకున్న బాక్సరు, యుద్ధానికి పిలిస్తే రానన్నాడని రేడియోలో వచ్చింది. తనవాళ్ళని హోటల్లో పక్కన కూర్చోనివ్వని దేశం కోసం, తనకే పాపమూ చెయ్యని మనుషుల్ని చంపలేనన్నాడట. ఛాంపియన్ బెల్టు పీకేసుకున్నారట. మా పాస్టరు గారు ఆదివారం నాడు ఆ కబురు చెప్పి మెచ్చుకుంటే, తాతయ్య ప్రార్థన మధ్యలోనే లేచి వచ్చేశాడు. వచ్చి ఫోటో తిప్పేశాడు. పారేద్దామంటే మనసొప్పలేదు. నేర్పేటప్పుడు మాత్రం ఇటు తిప్పి, ఆ కాళ్ళు చూడండర్రా అని కుర్రాళ్ళకి చూపించి, పని కాగానే మళ్ళీ గోడకి తిప్పేసేవాడు. "కాళ్ళు మంచివిరా, బుద్ధే మంచిది కాదు" అనేవాడు.

తాతయ్యకి మిలటరీ అంటే అంత భక్తి ఎందుకో చెప్పాలి. మాది చర్చి చుట్టూ వెలసిన పేట. బజారులో టీ హోటలుండేది. లోపల బల్లలు ఊళ్ళోవాళ్ళవి, గాజు గ్లాసులు ఊళ్ళోవాళ్ళవి. మా పేటవాళ్ళకి చూరులో దోపిన సత్తు గ్లాసులు. బయట నిలబడి తాగి, మేమే కడుక్కుని, మళ్ళీ చూరులో దోపాలి. అయితే తాతయ్య పతకాలు గుచ్చిన ఖాకీ కోటు వేసుకుని వెళ్తే మాత్రం ఆ హోటలాయన "రా హవల్దారూ" అని లోపల కూర్చోబెట్టి గాజు గ్లాసులో టీ ఇచ్చేవాడు. ఆ కోటుని మామ్మ నిప్పుల ఇస్త్రీపెట్టెతో ఎంత జాగ్రత్తగా రుద్దేదో! మనిషిని మనిషిగా చూసింది సైన్యం ఒక్కటేనని తాతయ్య నమ్మకం. ఆయన అనుభవం అది, కాదనడానికి ఎవరికి నోరొస్తుంది?

మా అన్నయ్య తాతయ్య శిష్యుల్లో మొదటివాడు. ఎడమ గ్లౌజు వాడిది. ఆ ఏడు వాడూ ఎంపికయ్యాడు. ఫలానా రోజుకి రమ్మని కాయితం వచ్చిన సాయంత్రం, టీ తాగిస్తానని నన్ను బజారుకి తీసుకెళ్ళాడు. నాకు పదేళ్ళు. కబురు అప్పటికే ఊరంతా పాకింది. హోటలాయన అన్నయ్యని భుజం మీద చెయ్యేసి లోపలికి తీసుకెళ్ళి, బల్ల మీద కూర్చోబెట్టి, గాజు గ్లాసు ముందు పెట్టాడు. నాకు చూరువైపు చూపించాడు. నేను అలవాటుగా సత్తు గ్లాసు లాక్కుని కడుక్కుని చెయ్యి చాపాను. అన్నయ్య నా చేతిలో గ్లాసు చూశాడు, తన ముందున్నది చూశాడు. రెండూ ముట్టుకోకుండా లేచి, నా రెక్క పట్టుకుని ఇంటికి లాక్కొచ్చేశాడు. టీ పోయిందని దారంతా నేను వాణ్ణి తిడుతూనే ఉన్నాను.

రెండ్రోజుల తర్వాత, మిలటరీకి వెళ్ళనన్నాడు. ఎందుకో చెప్పలేదు. ఇల్లు అట్టుడికిపోయింది. పిరికిగొడ్డు అన్నారు పెరట్లో కుర్రాళ్ళు. వాళ్ళలో పొడుగాటి వాడొకడు అన్నయ్య కనిపిస్తే చాలు చీర కొంగు సర్దుకున్నట్టు వెక్కిరించేవాడు. తాతయ్య మాత్రం అసలు అన్నయ్య వైపే చూడలేదు. వాడు వసారాలో కూర్చుంటే ఈయన పెరట్లోకి, వాడు పెరట్లోకొస్తే ఈయన వసారాలోకి. ఫోటోని తిప్పేసినట్టు మా అన్నయ్యనీ గోడకి తిప్పేశాడు, ఇంక ఎప్పటికీ ఇటు తిప్పడు అనుకున్నాను. ఏడ్చాను కూడా.

వెళ్ళాల్సిన రోజుకి ముందురోజు అన్నయ్య గుడ్డలు మూట కట్టుకోవడం చూశాను. పాతపట్నంలో ఉన్న మా మేనత్త ఇంటికి తెల్లారగట్ల బస్సుకి వెళ్ళిపోతాడట. ఆ తేదీ దాటిపోయాక వస్తాడట. ఎవరికీ చెప్పొద్దని నా చేత ఒట్టు వేయించుకున్నాడు. ఆ ఒట్టు తీసుకెళ్ళి తిన్నగా తాతయ్య చెవిలో వేశాను. అంత ద్రోహం నేను మళ్ళీ ఎవరికీ చెయ్యలేదు, అంత మంచి పనీ చెయ్యలేదు.

తెల్లారేసరికి తాతయ్య పతకాల కోటు వేసుకుని గుమ్మానికి అడ్డంగా కూర్చుని ఉన్నాడు. మూటతో వచ్చిన అన్నయ్య నన్ను చూసిన చూపు ఇప్పటికీ మర్చిపోలేను. ఎందుకెళ్ళవో చెప్పి కదలమన్నాడు తాతయ్య. అన్నయ్య మూట కింద పెట్టి నోరు విప్పాడు.

"గాజు గ్లాసు నాకివ్వనేదు తాతా, ఆ కాయితానికిచ్చాడు. సెల్లి పక్కనే నిలబడుంటే దానికి సత్తు గ్లాసు సూపించాడు. నీకూ ఇవ్వటం నేదు, కోటుకిత్తన్నాడు. కోటిప్పేత్తే నువ్వెవరివి, నానెవర్ని?"

ఆ మాటకి మా తాతయ్య చెయ్యి తనకి తెలియకుండానే పతకాల మీదికి వెళ్ళింది. ఆ కోటుతోనే ఇన్నేళ్ళుగా ఎంతో గొప్పగా తాగాడు ఆ టీ. మామ్మ లోపల్నుంచి వచ్చి ఆయన వెనక నిలబడింది. ఆయన లేచి, గోడ మీది ఫోటోని ఇటు తిప్పాడు. నేర్పే వేళ కాకుండా దాన్ని తిప్పడం నేను చూసింది అదే మొదలు.

"ఒరే, నీ మాట నాకు నచ్చనేదు. మిలట్రీ నేకపోతే నానిప్పటికీ ఊళ్ళోల పశువులు కాసుకుందును. ఈడన్నా నాకు ఒళ్ళు మంటే. కానీ సూడు, ఈడు దాక్కోనేదు. ఎదురుగా నిలబడి రానన్నాడు, బెల్టు పట్టుకుపొమ్మన్నాడు. పాతపట్నం బస్సెక్కితే నువ్వు పారిపోయినోడివి. రాననుకుంటే ఎల్లి ఆ ఆఫీసోళ్ళ మొహం మీద సెప్పు. నానొస్తాను."

"ఇష్టం నేనోడివి నువ్వెందుకు ఎల్లడం?" అంది మామ్మ.

"మనోడు ఒక్కడే నిలబడతాడేటి?" అన్నాడు తాతయ్య.

నేనూ వస్తానని పేచీ పెట్టి వెంటబడ్డాను. పాసింజరు బండిలో విజయనగరం, కొత్తవలస దాటుకుంటూ విశాఖపట్నం దాకా ఆ ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని ఒక్క ముక్క మాట్లాడుకోలేదు. అరటిపళ్ళు మాత్రం తాతయ్యే కొని, వలిచి మరీ వాడి చేతిలో పెట్టాడు. మిలటరీ ఆఫీసులో బల్ల ముందు అన్నయ్య చేతులు కట్టుకోకుండా నిటారుగా నిలబడి, నేను చేరను సార్, నా పేరు కొట్టెయ్యండి అన్నాడు. అక్కడి ఆఫీసరు అన్నయ్యని వదిలేసి తాతయ్య పతకాల వైపు చూశాడు. మీరేమంటారని హిందీలో అడిగాడు. తాతయ్య మడమలు దగ్గరికి చేర్చి సెల్యూట్ కొట్టి, వీడు చేసేది నాకు ఇష్టం లేదు, వీడు నా మనవడు, అందుకే పక్కన నిలబడ్డాను అని చెప్పాడు. ఆఫీసరు కలం తీశాడు. పేరు మీద గీత కొట్టాడు.

ఇంటికొచ్చే దారిలో తాతయ్య మమ్మల్ని తిన్నగా టీ హోటలుకి నడిపించాడు. కోటు ఒంటి మీదే ఉంది. హోటలాయన అలవాటుగా బల్ల తుడిచాడు. తాతయ్య లోపలికి వెళ్ళలేదు. చూరులోంచి సత్తు గ్లాసు తీసి, కడుక్కుని, చాపాడు. "అదేటి హవల్దారూ, నీకు గాజు గ్లాసుంది కదా!" అన్నాడాయన. "అది కోటుదట. నాకిది సాలు" అని, గోడవార గొంతుక్కూర్చుని తాగాడు మా తాతయ్య. లోపల కూర్చున్నవాళ్ళు గ్లాసులు పట్టుకుని అలాగే ఉండిపోయారు. తాగడం మానలేకపోయారు, తాగనూ లేకపోయారు.

ఒక్కరోజుతో ఆపలేదు ఆ మొండిమనిషి. రోజూ సాయంత్రం కోటు తొడుక్కుని వెళ్ళడం, ఆ గోడవారే కూర్చుని సత్తు గ్లాసులో తాగడం. అన్నయ్యా నేనూ పక్కన. మరుసటి ఏడు, తాతయ్య నేర్పిన కుర్రాళ్ళు సెలవులకి వచ్చారు. అన్నయ్యని వెక్కిరించిన ఆ పొడుగాటి వాడూ అప్పటికి సిపాయి. కొత్త యూనిఫారంతో బజారుకొచ్చి, మమ్మల్ని చూసి, కాసేపు తటపటాయించి, తన సత్తు గ్లాసు తను కడుక్కుని అన్నయ్య పక్కన చతికిలబడ్డాడు. వాడి వెనకే మిగిలినవాళ్ళు. ఇస్త్రీ బట్టలు మట్టిలో పెట్టుకుని, బూట్లతో, వరసగా అంతమంది సిపాయిలు చూరు కింద కూర్చుని సత్తు గ్లాసుల్లో టీ తాగుతుంటే సంతకొచ్చిన జనం ఆగి మరీ చూశారు. ఓ రోజు జోరున వాన. చూరు నీళ్ళు తాతయ్య పతకాల మీద పడుతున్నాయి. హోటలాయన ఎంతసేపు చూశాడో, చివరికి విసురుగా బయటికొచ్చి, "లోపలికి రండర్రా, తడిసి సత్తారేటి!" అని అరిచాడు. ఆ రోజు అందరికీ గాజు గ్లాసులే. నాక్కూడా. ఆత్రంగా తాగి మూతి కాల్చుకున్నాను. అంత మంట పుట్టినా ఊదుకోలేదు, ఊదుకుంటే మళ్ళీ లాగేసుకుంటారేమోనని.

ఫోటో సంగతి ఏమైందంటారా? తాతయ్య కోపం చచ్చేదాకా పోలేదు. కాకపోతే దాన్ని గోడ మీంచి తీసి, వసారా దూలానికి ఒంటి తాడుతో కట్టాడు. గాలి వీచినప్పుడల్లా కాసేపు మొహం, కాసేపు అట్టముక్క. అన్నయ్య రైల్వేలో చేరి కొత్తవలసలో రిటైరయ్యాడు. తాతయ్య పోయినప్పుడు పాడె ముందు కొమ్ము అన్నయ్య పట్టాడు, రెండోది ఆ పొడుగాటి సిపాయి పట్టాడు.

ఆ ఫోటో ఆ ఒంటి తాడుతో సహా ఇప్పుడు మా ఇంట్లో ఉంది. ముప్ఫై ఏళ్ళు ఆడపిల్లల బడిలో డ్రిల్లు టీచరుగా చేసి, ఆ కాళ్ళు చూపించే ఎంతమందికి నేర్పానో. మా మనవరాలూ ఆ కాళ్ళు చూసే బాక్సింగ్ నేర్చుకుంది. విజయనగరంలో పోటీలకి వెళ్తుంది, రెండు చేతులకీ గ్లౌజులున్నాయి దానికి. ఫోన్లో ఆ బాక్సరు గురించి జనం ఇప్పటికీ కొట్టుకుంటున్నారట, ఒకడు వీరుడంటాడట, ఒకడు ద్రోహి అంటాడట. నువ్వేమంటావు మామ్మా అని అది అడిగితే, మా తాతయ్య కట్టిన తాడు చూపిస్తాను.

మొన్న ఆ మనవరాలే వచ్చి, మిలటరీలో చేరతానంది. ఎంపికలకి వెళ్ళాలట. అన్నయ్యతో పాటు పెరిగినదాన్ని, తుపాకీ అంటే నాకు పడదు. నాకు ససేమిరా ఇష్టం లేదని దాని మొహం మీదే చెప్పాను. చెప్పి, మనం ఏ బండికి వెళ్ళాలని అడిగాను.