అత్త పేరున కట్టిన ముడుపు

మా మేనత్త తుంటి ఎముక విరిగి తిరుపతి ఆసుపత్రిలో ఉన్నప్పుడు నేనొక తెలివితక్కువ పని చేశాను. డాక్టరు పెదవి విరిచాడు. నేను వరండాలోకి వచ్చి, పసుపు గుడ్డలో రూపాయి బిళ్ళ ముడుపు కట్టి, కొండ వైపు తిరిగి, "ఈమె బతికితే, ఉన్నన్నాళ్ళూ ఏ లోటూ రాకుండా నేను చూసుకుంటాను స్వామీ" అని పైకే అనేశాను. పక్కనే ఉన్న మా అన్నలిద్దరూ విన్నారు. తల్లి లేని మా ముగ్గురినీ పెంచింది ఆ పిల్లల్లేని అత్తే.

అత్త బతికింది. మళ్ళీ నడవలేదు. మాది మేడమీద ఒక గది, ఒక వంటిల్లు. నేను కొండ బస్సులో కండక్టరును. ఆమెను ఆ మెట్లెక్కించే దారి లేక, చిత్తూరులో సిస్టర్లు నడిపే వృద్ధుల ఆశ్రమంలో చేర్చాను. నెలనెలా డబ్బు కట్టాలి. తలా ఒక వాటా వేసుకుందామని అన్నల దగ్గరికి వెళ్ళాను.

పెద్దన్న చెంపలేసుకున్నాడు.

"మొక్కింది నువ్వురా. ఒకరి మొక్కు ఇంగొకరు తీరిస్తే దేవుడు ఒప్పుకుంటాడా? మేం దుడ్డిస్తే నీ మొక్కు సెడిపోతాది."

చిన్నన్న అవునవునని తల ఊపాడు. భక్తి అంత చవగ్గా దొరుకుతుందని నాకు అప్పుడే తెలిసింది.

ఆరేళ్ళు. జీతంలో సగం చిత్తూరుకే. సెలవు రోజుల్లోనూ డబల్ డ్యూటీ చేశాను. రోజుకు నాలుగుసార్లు కొండెక్కి దిగేవాణ్ణి, నా బతుకు మాత్రం కుడితిలో పడ్డ ఎలుకలా ఉండేది. ఆశ్రమం నుంచి కార్డు వచ్చిందంటే, చదవకముందే నాలో ఒక ఆశ లేచేది. అదేం ఆశో రాయడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

ఒకసారి డబ్బు కట్టడానికి వెళ్తే అత్త నా మెడకేసి చూసింది.

"సొక్కా కాలరు సినిగితే తిప్పి కుట్టించుకున్నావే. ఆ ముడుపు యాడుండాది నాయనా?"

"దేవుడి గూట్లో ఉండాది అత్తా."

"తీసుకుపోయి హుండీలో ఏసెయ్. నీ మొక్కు తీరిపోయిందని నేను సెప్తాండా. నన్ను తీసుకుపో సామీ అని దినమూ అడుగుతాండా. ఆయన నీ మాట ఇంటాండాడు గానీ నా మాట ఇనడంలే."

ఆరేళ్ళుగా నేను లోలోపల కోరుకుంటున్నదాన్ని ఆమె నోరు తెరిచి అడిగింది. నాకు ఏడుపొచ్చింది. సంతోషం కూడా వేసింది, అబద్ధమెందుకు.

మరుసటి వారమే ముడుపు జేబులో పెట్టుకుని కొండమీద క్యూలో నిలబడ్డాను. హుండీ దగ్గరికి వచ్చాను. వెనక జనం తోస్తున్నారు. చెయ్యి జేబులోకి పోయింది. దాన్ని వేస్తే నేనేం అడిగినట్టవుతుందో నాకు తెలుసు, ఆయనకూ తెలుసు. చెయ్యి బయటికి రాలేదు. జనం నన్ను బయటికి తోసేశారు.

ఆ నెల డబ్బు రెండు రోజులు ముందే తీసుకెళ్ళాను.

"ఏసినావా?" అంది అత్త.

"ఏసినా అత్తా."

"ఇంక నిమ్మళం" అని కళ్ళు మూసుకుంది.

ఆ తర్వాత ఆమె మూడేళ్ళు బతికింది. నేను వెళ్ళినప్పుడల్లా "నిజంగా ఏసినావా నాయనా?" అని అనుమానంగా చూసేది. నేను కాలరు సర్దుకుంటూ డబ్బు కట్టడానికి ఆఫీసు గదిలోకి నడిచేవాణ్ణి.