నోరు విప్పకూడని పరీక్ష

నా చిన్నప్పుడు చెప్పాల్సిన ఒక మాట నేను చెప్పలేదు. దానివల్ల పక్కింటి మావయ్యగారికి పక్షపాతి అన్న పేరు పడింది. ఆ పేరు అంటగట్టింది నేనే.

ఆయన సైన్యంలో అధికారిగా చేసి, తొంభైల్లో కొత్తపేట దగ్గర మా ఊరు వచ్చేశారు. ఆఫీసరు కావాలనుకునే కుర్రాళ్ళలో ఏడాదికొకణ్ణి సైన్యం ఎంపికకు తయారుచేస్తానన్నారు. ఇంటర్ చదివే మేం అయిదుగురం వెళ్ళాం. ఆ చోటు నాకే రావాలని నా ఆశ.

పంటకాలువ గట్టున రెండు పొడవాటి చెక్కబల్లలు, ఒక డ్రమ్ము పెట్టారు. ఏ బల్లా అవతలికి అందదు. కాలు తడవకుండా డ్రమ్ము దాటించాలి. నాది పెద్ద గొంతు. మా అయిదుగురిలో ఒకడైన ఆయన మేనల్లుడికి నత్తి. ఒక బల్లను నీళ్ళ మీదికి సగం తోసి, ఇవతలి కొసన బరువైనవాళ్ళు కూర్చుంటే, దాని మీంచి రెండో బల్ల అవతలి గట్టుకు అందుతుందని వాడు తడబడుతూ నా చెవిలో చెప్పాడు. నేను దాన్నే అరిచి చెప్పి పని జరిపించాను. ఎవడి ఆలోచనరా అని మావయ్యగారు అడిగితే, "నాదేనండి" అన్నాను. వాడు తల దించుకున్నాడు.

ఆయన మా ఇద్దరినీ కాసేపు చూశారు. "ఆయ్, ఇంకోసారి చేయండి. ఈసారి నోరు తెరిచినోడు ఇంటికెళ్ళిపోవడమే."

"ఇదేం మూగాటండీ!" అని ఒకడు నవ్వాడు.

"ఇంకా మొదలెట్టలేదు కాబట్టి బతికిపోయేవు."

నేను ఎంత చేతులూపినా ఎవరూ నావైపు చూడలేదు. అందరి కళ్ళూ ఆ మేనల్లుడి మీదే. బల్ల మీద భయపడి ఆగిపోయిన మాలో చిన్నవాణ్ణి, తను వెనక్కి నడుస్తూ చేయి పట్టుకుని దాటించాడు. మావయ్యగారు వాణ్ణే ఎంచుకున్నారు. "ఇందాక నేను గొంతుకి మార్కులేసేనన్నమాట" అన్నారు. తను పెట్టిన పరీక్షలోని తప్పును కుర్రాళ్ళ ముందు ఒప్పుకున్న పెద్దమనిషిని నేను మళ్ళీ చూడలేదు.

ఆ సాయంత్రమే మంగలి షాపులో చెప్పాను, గెలిచింది నేనైతే మళ్ళీ పరీక్ష పెట్టి సొంత మేనల్లుడికి ఇచ్చుకున్నారని. మరుసటి ఏడు ఆయన దగ్గరికి ఎవరూ పిల్లల్ని పంపలేదు. మేనల్లుణ్ణి సైన్యం ఎంపికలో మొదటిసారి వెనక్కి పంపేశారు, రెండోసారి తీసుకున్నారు. ఊళ్ళో ఆ మాట మాత్రం మాసిపోలేదు.

ఇప్పుడు ఉద్యోగాలకి మనుషుల్ని ఎంపిక చేయడం నా పని. ఒకడు గట్టిగా మాట్లాడుతుంటే, పక్కన మాట్లాడనివాణ్ణి చూడటం నాకు ఆయన నేర్పిందే.

మొన్న ఊరెళ్ళినప్పుడు అదే షాపులో, ఆయన సబ్బు నురగతో కుర్చీలో ఉండగా, నలుగురూ వినేలా చెప్పాను. "మావయ్యగారూ, ఆ రోజు ఆలోచన మీ మేనల్లుడిదండి. మీరు పక్షపాతం చూపలేదు. అబద్ధమాడింది నేను. నన్ను క్షమించండి."