నలభై అయిదు పళ్ల చక్రం

ఆదిలాబాద్ జిల్లా బోథ్ నుంచి మా బడికి పదహారు కిలోమీటర్లు. మొదటి పది పత్తి చేల మధ్య తారు రోడ్డు. ఆ తర్వాత గుట్ట. కంకర తేలిన దారి మూడు మలుపులు తిరిగి గూడెం చేరుతుంది. ఆ గూడెం ప్రాథమిక పాఠశాలలో ఇద్దరం టీచర్లం. ఆమె నాకంటే ఆరేళ్లు చిన్నది, నన్ను అక్కా అనేది. మాది కరీంనగర్ వైపు మరమగ్గాల ఊరు. ఆమెది గోదావరి దగ్గరి బొగ్గుగని కాలనీ, తండ్రి గనిలో పనిచేసి రిటైరైనవాడు. బోథ్‌లో ఇద్దరం ఒకే గది అద్దెకు తీసుకున్నాం. ఒకే పొయ్యి, ఒకే బండి.

బండి నాది. మా అన్న కొత్తది కొనుక్కున్నప్పుడు నాకిచ్చిన వంద సీసీ మోటార్ సైకిల్. ఆ కంకరలో స్కూటీ నిలవదని దాన్నే నేర్చుకున్నాను. మొదట్లో బోథ్ జనం ఆగి చూసేవారు, కొన్నాళ్లకు మానేశారు. ఒక్కదాన్నే ఉంటే బండి గుట్ట బాగానే ఎక్కేది. ఆమె వెనక కూర్చుని, మధ్యాహ్న భోజనానికి కోడిగుడ్ల ట్రే ఒడిలో పెట్టుకుంటే మాత్రం రెండో మలుపు దగ్గర ప్రాణం విడిచేది. రెండో గేరులో ఆగిపోయేది, మొదటి గేరులో కాలిన వాసన వచ్చేది. ఏడాదిలో రెండుసార్లు క్లచ్ ప్లేట్లు మార్పించాను.

ఆ జూన్‌లో డిప్యుటేషన్ల మాట మొదలైంది. ఇంటికి దగ్గరి బడికి పోవాలనుకునేవాళ్లు దరఖాస్తు పెట్టుకోవచ్చన్నారు. గూడెం పెద్దమనుషులు భయపడ్డారు. మేము రాకముందు ఆ బడిలో ఒక్క టీచరే ఉండేవాడు. ఆయన సెలవు పెట్టిన ప్రతిరోజూ బడికి తాళమే. మేమిద్దరం వాళ్ల ముందే మాటనుకున్నాం, ఒక్కరమే దరఖాస్తు పెట్టుకోకూడదని, పోతే ఇద్దరం కలిసే పోతామని. ఆ మాట ముందుగా అన్నది ఆమే.

క్లచ్ మూడోసారి పోయేలా ఉన్నప్పుడు ఒక శనివారం బడి విడిచాక ఇద్దరం మెకానిక్ దగ్గరికి పోయాం. బస్టాండ్ పక్కన చిన్న షెడ్డు ఆయనది. నడివయసు మనిషి. మాటలో తెలుగు, ఉర్దూ, మరాఠీ కలిసి వచ్చేవి. తప్పు క్లచ్‌ది కాదన్నాడు. చైన్ సెట్ ఎలాగూ అరిగింది కాబట్టి ఈసారి పళ్ల లెక్క మార్చి వేద్దామన్నాడు. మా బండికి ఇంజన్ దగ్గరి చిన్న చక్రానికి పద్నాలుగు పళ్లు, వెనక చక్రానికి నలభై రెండు. ముందుది పదమూడుకు తగ్గించినా, వెనకది నలభై అయిదుకు పెంచినా లాగే బలం దాదాపు ఒకటే పెరుగుతుంది. ముందుది మార్చడం సులువే గాని, చైన్ ఆ చిన్న చక్రం చుట్టూ మరీ ఒంగి తిరిగి తొందరగా అరిగిపోతుంది. వెనకది పెంచితే చైన్‌కు రెండు లింకులు ఎక్కువ కావాలి, కవర్‌కు తగలకుండా చూసుకోవాలి. ఏది చేసినా సాఫు రోడ్డు మీద వేగం తగ్గుతుంది, పెట్రోలు కాస్త ఎక్కువ తాగుతుంది.

నాకు ఈ లెక్క కొత్త కాదు. మగ్గం మీద కూడా పళ్ల చక్రం మారిస్తే బట్ట నేత చిక్కబడుతుంది, లేదా పలచబడుతుంది. చిన్నప్పుడు మా బాపు ఆ చక్రాలు మారుస్తుంటే పక్కన కూర్చుని చూసేదాన్ని. నేను పదమూడు చాలనుకున్నాను. నాకంటే ఎక్కువ ఆసక్తి ఆమెకే కలిగింది. కొత్త చక్రాన్ని ఒడిలో పెట్టుకుని, ఒక పంటికి చాక్‌పీస్‌తో గీత గీసి, వేలితో ఒక్కొక్కటే లెక్కపెట్టింది.

"రోజూ ఇద్దరు పోతరా మేడం, ఎప్పుడన్ననా?" అని అడిగాడు మెకానిక్.

నేను నోరు తెరిచేలోపే ఆమె, "రోజూ ఇద్దరమే భయ్యా" అంది. తర్వాత నా వైపు తిరిగి, "నలభై అయిదే ఏపిద్దాం అక్కా. మల్ల మల్ల విప్పుడెందుకు?" అంది.

నలభై అయిదే వేయించాను. అక్కడి నుంచే ఆమెను బస్టాండ్‌లో దింపాను, ఇంటికి పోయి సోమవారం పొద్దున్నే వస్తానంది. బస్సు కదిలేదాకా చెయ్యి ఊపింది.

సోమవారం గది ముందు బండి స్టార్ట్ చేసి నిలబడ్డాను. ఆమె రాలేదు. ఇంట్లో పని ఉందని మెసేజ్ పెట్టింది. మంగళవారమూ అదే. ఆ రెండు రోజులూ ఒక్కదాన్నే పోయాను. బండి గుట్టను మూడో గేరులోనే ఎక్కేసింది. ఆమె వచ్చాక చూసి ఎంత సంతోషిస్తుందోనని ఆ మలుపుల్లో అనుకున్నాను. ఇప్పుడు తలచుకుంటే, జరిగినవాటన్నిటిలో నన్ను ఎక్కువ బాధపెట్టేది అదే.

బుధవారం మధ్యాహ్నం చుట్టుపక్కల బడులన్నిటినీ చూసుకునే హెడ్మాస్టరు గారు గూడేనికి వచ్చారు. పిల్లలు అన్నం తింటున్నారు. ఆయన ఒక కాగితం నా చేతికిచ్చి, ఫైల్లో పెట్టుకొమ్మన్నారు. ఆమెకు సొంతూరి దగ్గరి బడికి డిప్యుటేషన్. ఆర్డర్ మీది తేదీ గురువారానిది. అంటే మేము మెకానిక్ దగ్గర కూర్చోవడానికి రెండు రోజుల ముందుది.

"నీకు అభ్యంతరం లేదని రాసిచ్చినవు గదమ్మా, అందుకే తొందరగ అయింది" అన్నారాయన.

నేనేమీ రాసివ్వలేదు. ఆయన ఆర్డర్ వెనక కుట్టిన రెండో కాగితం తిప్పి చూపించారు. ఆమె చేతిరాత. బడిని నేనొక్కదాన్నే నడుపుకోగలనని, ఆమె వెళ్లడానికి నాకు అభ్యంతరం లేదని ఉంది. కింద సంతకం నాదే. దొంగ సంతకం కాదు, నా చేత్తో నేను పెట్టిందే. గుట్ట మీద సిగ్నల్ ఉండదు, హఠాత్తుగా జ్వరమొస్తే సెలవు చీటీ పంపే దారి ఉండదు. అందుకని ఇద్దరం తెల్లకాగితాల మీద సంతకాలు పెట్టి రెండేసి ఒకరి దగ్గర ఒకరం ఉంచుకునేవాళ్లం. ఆమె సంతకాలున్న రెండూ ఆ రోజుకీ నా బ్యాగులో అట్లాగే ఉన్నాయి.

సాయంత్రం గుట్ట దిగి, సిగ్నల్ అందిన చోట బండి ఆపి ఫోన్ చేశాను. మూడోసారికి ఎత్తింది.

"చెప్పుదామనే అనుకున్న అక్కా. నోరు రాలే."

"గురువారం ఆర్డర్ వచ్చింది. శనివారం నువ్వు చక్రం పండ్లు లెక్కపెట్టినవ్."

"బండి నీదే గదక్కా, నీకే పనికొస్తదనుకున్న" అంది.

"మరి నా సంతకం?"

"నువ్వే ఇచ్చినవ్ గదా ఆ కాయిదాలు."

వాళ్ల బాపుకు ఊపిరితిత్తులు పాడయ్యాయని, తల్లి ఒక్కతే చూసుకోలేకపోతోందని చెప్పింది. అది అబద్ధం కాదు, నాకూ తెలుసు. ఆయన మందుల చీటీ పట్టుకుని ఆదిలాబాద్‌లో దుకాణాలు తిరిగింది మేమిద్దరమే. అడిగి ఉంటే నేనే రాసిచ్చేదాన్నని ఫోన్‌లో అన్నాను. నిజంగా రాసిచ్చేదాన్నా? చెప్పలేను. అది తేల్చుకునే అవకాశం కూడా ఆమె నాకివ్వలేదు.

ఫిర్యాదు రాశాను. రెండు పేజీలు. హెడ్మాస్టరు గారు చదివి, పైకి పంపితే విచారణ పెడతారన్నారు. తెల్లకాగితం మీద సంతకం ఎందుకు పెట్టావని ముందు నన్నే అడుగుతారని కూడా అన్నారు. ఆ ఫిర్యాదు తిరిగి తీసుకుని వచ్చేశాను. అది క్షమించడం కాదు. నా ఉద్యోగానికి భయపడ్డాను. గూడెంవాళ్లు మాత్రం నన్నూ నమ్మడం తగ్గించారు. సంతకం సంగతి వాళ్లకూ తెలిసింది. నేను పెట్టలేదని చెప్పలేను, పెట్టానని ఒప్పుకుంటే మిగతాది ఎవరూ వినరు. ఒక ముసలాయన, "నువ్వెప్పుడు పోతవమ్మా?" అని చాలా మర్యాదగా అడిగాడు.

ఐదు తరగతులనూ ఒక్క గదిలో కూర్చోబెట్టుకుని ఆ ఏడాది నడిపాను. బండి గుట్ట ఎక్కేది గాని, సాఫు రోడ్డు మీద యాభై దాటితే ఇంజన్ ఏడ్చేది. సైకిళ్లు తప్ప అన్నీ నన్ను దాటిపోయేవి. ఇప్పుడు ఒక్కరే కదా, పాత లెక్కకే మార్చేస్తానని మెకానిక్ రెండుసార్లు అన్నాడు. తర్వాత చూద్దామన్నాను. ఆమె తిరిగి వస్తుందని ఆశపడ్డానేమో. ఆ మాట ఎవరితోనూ అనలేదు.

జనవరిలో ఆదిలాబాద్‌లో టీచర్ల శిక్షణ. ఆమె కూడా వచ్చింది. రెండు రోజులు వేరే వరసలో కూర్చుని, మూడో రోజు సాయంత్రం నేను బండి తీస్తుంటే దగ్గరికి వచ్చింది.

"బస్టాండ్ దాకా దింపుతవా అక్కా?"

కాదనలేకపోయాను. ఎప్పటిలాగే ఎక్కి, ఎప్పటిలాగే నా భుజం మీద చెయ్యి వేసింది. వాళ్ల బాపు ఎట్లున్నాడని అడగాలనిపించింది, అడగలేదు.

"బండి మంచిగ గుంజుతుంది" అంది దారిలో.

దాని గురించి మాట్లాడటానికి ఆమెకు ఏ ఇబ్బందీ లేదు. ఆ సంగతి నాకు ఆ క్షణంలో అర్థమైంది. నేను ఆరేడు నెలలుగా మోస్తున్నది ఆమెకు గుర్తే లేదు. బస్టాండ్ ముందు దిగి, వస్తానక్కా అని జనంలో కలిసిపోయింది.

మర్నాడు పొద్దున బోథ్‌లో షెడ్డు తెరవగానే పోయాను. నలభై రెండుది వేయమన్నాను. మెకానిక్ వంగి చక్రం చూసి, పళ్లు ఇంకా కొత్తగానే ఉన్నాయని, అనవసరంగా తీయడమెందుకని అన్నాడు.

"ఒక్కదాన్నే పోతున్న భయ్యా" అన్నాను.

ఆయన బోల్టులు విప్పి, చైన్ నుంచి రెండు లింకులు తీసేసి, పాత లెక్కకు తెచ్చాడు. తీసిన చక్రం ఇంటికి పట్టుకుపోతారా అన్నాడు. ఎవరికైనా పనికొస్తే ఇచ్చేయమని చెప్పి, బడికి ఆలస్యమవుతోందని బండెక్కాను.