అయిదుగురు పలికే పేరు

మా ఆయన పేరు నేను చెప్పను. ఆడది మొగుడి పేరు పలికితే ఆయన ఆయుష్షు తగ్గుతుందని, నేను నాచారానికి కోడలిగా వచ్చిన వారంలోనే మా అత్త చెప్పింది. ఆ పేరుతో మా వాళ్లలో ఒక్కడు కాదు, అయిదుగురు మగవాళ్లున్నారు. నా నోరు జారితే తగ్గేది ఎవరి ఆయుష్షో కూడా చెప్పలేం. అందుకని ఈ రాతలో పేర్లుండవు.

అయిదుగురు ఎలా అయ్యారంటే, మా ఆయన తాతకు అయిదుగురు కొడుకులు. ఇంటికి మొదట పుట్టిన మగపిల్లవాడికి తాత పేరు పెట్టడం మా వాళ్ల ఆనవాయితీ. ఒక ఇంట్లో పెట్టాక మిగతా ఇళ్లవాళ్లు ఇంకో పేరు చూసుకోవచ్చు. కానీ ముసలాయన అప్పటికి బతికే ఉన్నాడు, చెరువు కింద పొలాల పంపకాలు ఇంకా కాలేదు. తండ్రి మీద ప్రేమ తమకే తక్కువని అనిపించుకోవడం ఎవరికీ ఇష్టం లేకపోయింది. అయిదుగురూ తమ పెద్దకొడుక్కి అదే పేరు పెట్టారు. ఆ పొలాలు ఎప్పుడో ప్లాట్లయిపోయాయి, పేరు మాత్రం అయిదిళ్లలోనూ మిగిలింది.

ఆ అయిదుగురిలో నలుగురు గొప్పవాళ్లు. పెద్ద బావ లీడరు. కార్పొరేటర్ ఎన్నికల్లో ఒకసారి నిలబడి ఓడిపోయి, ఆ మర్నాటి నుంచి మాజీ కార్పొరేటర్ లాగా బతుకుతున్నాడు. ఏ పండగ వచ్చినా చౌరస్తాలో ఆయన ఫ్లెక్సీ ఉంటుంది. తెల్లచొక్కా వేసుకుని, చెవి దగ్గర ఫోను పెట్టుకుని, ఎటో నడుస్తూ ఉంటాడు. ఎటు నడుస్తున్నాడో ఇన్నేళ్లయినా ఎవరికీ తెలియలేదు. రెండో బావ మల్లాపూర్‌లో కంపెనీల వెనక సందులో దవాఖానా నడుపుతాడు. కడుపునొప్పికైనా కాలునొప్పికైనా ఆయన దగ్గర ఒకటే సూది. బోర్డు మీద పేరుకు ముందు డాక్టర్ అన్నది మూరెడు పొడుగు ఉంటుంది, పేరు తర్వాత ఉండాల్సిన చదువు వానకు చెరిగిపోయిందంటాడు.

పెద్ద మరిది నాగారంలో ప్లాట్లు అమ్ముతాడు. గుట్ట మీద నిలబెట్టి, కనిపించని రోడ్డును వేలుపెట్టి చూపించడంలో ఆయన్ని మించినవాడు లేడు. చిన్న మరిది గుడి కమిటీ అధ్యక్షుడు. ఆయన చేతికి మైకు వస్తే దేవుడైనా తన పాట కోసం ఆగాల్సిందే. అయిదో మనిషి మా ఆయన. మల్లాపూర్‌లోనే ఒక కంపెనీలో మిషన్ల మీద పనిచేసి మొన్నీమధ్య రిటైరయ్యాడు. ఆయనకు ఫ్లెక్సీ లేదు, బోర్డు లేదు, మైకు లేదు.

కానీ సందులో మొదటి ఇల్లు మాది. అందువల్ల ఆ పేరు వెతుక్కుంటూ వచ్చినవాళ్లందరూ ముందు మా తలుపే కొడతారు. "అన్న ఉన్నడా వదినా?" అంటారు. ఏ అన్న అని అడిగితే ఆ పేరే చెబుతారు, అది అయిదుగురిదీ కదా. మనిషిని చూసి తేల్చుకోవాల్సిందే. మూలుగుతుంటే మల్లాపూర్ పంపేదాన్ని. చంకలో కాగితాల సంచి ఉంటే నాగారం. నుదుట బొట్టు పెద్దగా ఉంటే గుడికి. మనిషి ఏడుస్తూ, మధ్యమధ్యలో ఎవరినో తిడుతూ ఉంటే లీడరు బావ ఇంటికి. ఒకసారి ఒకాయన మూలుగుతూ, కాగితాలు పట్టుకుని, ఏడుస్తూ వచ్చాడు. నాకు దిక్కుతోచలేదు. తీరా చూస్తే ఆయన మా ఆయనతో కలిసి పనిచేసిన మనిషి, తన రిటైర్మెంట్ భోజనానికి కార్డులు పంచుతూ వచ్చి మా గడపకు కాలు కొట్టుకున్నాడు. మా ఆయన కోసం కూడా ఎవరైనా వస్తారని నాకు తట్టనేలేదు.

ఇదంతా నవ్వుకునే సంగతే. నవ్వు రానిది ఇంకొకటుంది.

నాకు కొడుకు పుట్టినప్పుడు, ఆనవాయితీ ప్రకారం వాడికి మా మామ పేరు పెట్టారు. మామ పేరు కోడలు పలకకూడదు. అంటే నా కొడుకును నేను పేరుపెట్టి పిలవకూడదు. మా అత్తకు అది మొగుడి పేరు కనుక ఆమె అసలే పిలవకూడదు. వాణ్ని రోజంతా ఎత్తుకుని తిప్పే ఆడవాళ్లిద్దరం వాణ్ని నానా అని, చిన్నా అని, బంగారూ అని పిలిచేవాళ్లం. రోజుకు ఒకసారి కూడా వాడి మొహం చూడని మగవాళ్లు మాత్రం హాయిగా పేరుపెట్టి కేకేసేవాళ్లు.

వాడికి మాటలొచ్చిన కొత్తలో ఉప్పల్ అంగట్లో తప్పిపోయాడు. కొత్తిమీర బేరం చేస్తూ చేయి వదిలాను, తిరిగి చూస్తే లేడు. "నానా! ఓ చిన్నా!" అని అరుస్తూ ఉరికాను. ఆ అంగట్లో పిల్లలందరూ ఎవరికో ఒకరికి చిన్నలే. అందరూ నా వైపు చూశారు. నావాడు మాత్రం లేడు. మా అత్త వెనకాల ఉరుకుతూ "ఓ పిల్లగా! ఓ మా పిల్లగా!" అని అరుస్తోంది. ఒక పేరు, రెండక్షరాలు ఎక్కువో తక్కువో, గట్టిగా అంటే సరిపోయేది. ఇద్దరమూ అనలేదు. చివరకు ఉల్లిగడ్డలాయన వాణ్నే పేరడిగి, బండి మీద మైకులో ఆ పేరు చెప్పి, ఈ పిల్లగాడు ఎవరి పిల్లగాడో రండ్రి అని పిలిచాడు. ముక్కూ మొహం తెలియని మనిషి నా కొడుకు పేరు అంత సులువుగా అంటుంటే నాకు సంతోషం కంటే ముందు కోపం వచ్చింది. వాణ్ని ఎత్తుకుని, ఉల్లిగడ్డల మధ్య కూలబడి ఏడ్చాను.

ఇంటికొచ్చాక మా అత్త వాడకట్టంతా ఈ సంగతి చెప్పింది. పిల్లవాడు దొరికిన సంగతి కాదు. "గంత ఆగమాగంల గూడ నా కోడలు మామ పేరు నోట్లకెల్లి రానియ్యలే. గట్లుండాలె కోడలంటే" అని మెచ్చుకుంది. ఆ మెప్పు నాకు ఇప్పటికీ మింగుడు పడలేదు. ఆమె పోయి చాలా కాలమైంది, మంచి మనిషే, కానీ ఆ ఒక్క మాటకు ఆమెను క్షమించలేదు.

ఆ కొడుక్కి మొన్న కొడుకు పుట్టాడు. అంటే ఇప్పుడు పెట్టాల్సింది మా ఆయన పేరు. నా కోడలికి అది మామ పేరు, నాకు మొగుడి పేరు. మళ్లీ ఇంట్లో ఉన్న ఇద్దరాడవాళ్లకూ పిల్లవాణ్ని పిలిచే దారి లేదు.

నా కోడలు సైనిక్‌పురిలో ఒక బడిలో టీచరు. ఒక మధ్యాహ్నం పిల్లవాడికి నూనె పెడుతూ అంది, "అత్తమ్మా, బడిల రోజు పొద్దుగాల అందరి పిల్లల పేర్లు పిలుస్త. అటెండెన్స్ గదే గదా. మరి నా కొడుకును ఏమని పిలవాలె?"

"నానా అని పిలువు" అనబోయాను. ఉల్లిగడ్డలు గుర్తొచ్చి ఊరుకున్నాను. నా కొడుకును అడిగితే, "మీరు మీరు మాట్లాడుకోండ్రి, నన్ను నడిమిట్ల వెట్టకుండ్రి" అని బండెక్కి వెళ్లిపోయాడు. మా ఆయన చాయ్ తాగుతూ కూర్చున్నాడు. ఆయన దేనికీ అవుననడు, కాదనడు. ఇంటివాడు ఊరుకుంటే, బయటి నలుగురూ ముందుకొచ్చారు.

పుట్టింది మా ఇంట్లో, పెట్టబోయేది మా ఆయన పేరు. కానీ పెద్దమనుషులు నలుగురూ వాడు తమ పేరే నిలబెడతాడని తీర్మానించుకున్నారు. "నా పేరు వెడ్తున్నరట గదా, మస్తు సంతోషం" అని విడివిడిగా నలుగురూ ఫోన్ చేశారు. డాక్టరు బావ, ఆ పేరుతో పుట్టినవాడికి చదువు అబ్బుతుందన్నాడు. ప్లాట్ల మరిది, పేరు వెయ్యడానికి నాగారంలో ఒక వీధిని ఖాళీగా ఉంచానన్నాడు. అక్కడ ఇంకా వీధులే పడలేదు. లీడరు బావ అందరినీ మించిపోయి సందు మొదట్లో ఫ్లెక్సీ కట్టించాడు. 'నా పేరు నిలబెట్టనున్న వారసునికి శుభాశీస్సులు' అని రాసి, నిలువెత్తున ఆయన, ఆయన మోకాలి దగ్గర ఒక పసివాడు. మేం ఫొటో పంపలేదు కాబట్టి ఫ్లెక్సీవాళ్లే ఎక్కడిదో ఒక బొమ్మ వేశారు. ఆ పిల్లవాడికి నీలం కళ్లు, బంగారు రంగు జుట్టు. మా పక్కింటావిడ అది చూసి, నా కోడలి వంక అనుమానంగా చూసింది.

ఇరవై ఒకటో రోజున పేరు పెట్టడానికి తొట్టెల వేశాం. సందులో షామియానా వేసి, కుర్చీలు వేస్తే, ముందు వరసలో అయిదు కుర్చీల్లో అయిదుగురూ కూర్చున్నారు. మా ఆయన చివరి కుర్చీలో, లేస్తే ఎవరికి అడ్డమవుతానో అన్నట్టు కూర్చున్నాడు. పళ్లెంలో బియ్యం పోసి, నా కొడుకు చేతికి పసుపుకొమ్ము ఇచ్చి, పంతులుగారు "పేరు చెప్పండి, రాద్దాం" అన్నారు. నలుగురు పెద్దమనుషులూ ఒకేసారి చెప్పారు. "రాసే ముందు తల్లి బిడ్డ చెవిలో ఆ పేరు మూడుసార్లు చెప్పాలి" అన్నారు పంతులుగారు.

నా కోడలు నోరు తెరిచి, మళ్లీ మూసుకుంది.

"ఆమె అనొద్దు పంతులూ, మామ పేరు గదా" అన్నాడు లీడరు బావ. "మేనత్త అంటది తియ్యి." మాకు ఆడపిల్లలు లేరు. మేనత్త వరసకు ఆయన కూతురే వచ్చి కూర్చుంది. ఆ పిల్ల తొట్టెలోకి వంగి, తల ఎత్తి, "బాపూ, గది నీ పేరు గదా, నీ ముంగట నేనెట్ల అంటా?" అంది. ఇక ఎవరంటారన్న చర్చ మొదలైంది. పిల్లవాడికి పాలిచ్చేవాళ్లూ ఎత్తుకునేవాళ్లూ తప్ప ఎవరైనా అనొచ్చని తేలింది. గుడి మరిది మైకు తెప్పిస్తానని లేచాడు.

నా కోడలి వంక చూశాను. ఆమె కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి, కానీ పెదవులు గట్టిగా బిగించి ఉంది. ఇవాళ ఈ పిల్ల ఊరుకుంటే, రేపు అందరూ ఈమెను కూడా మెచ్చుకుంటారు. ఆ ఆలోచన రాగానే నాకు ఒళ్లు మండింది.

లేచి నిలబడి, తొట్టె వైపు తిరిగి, మా ఆయన పేరు గట్టిగా పిలిచాను.

"ఆఁ!" అని అయిదుగురూ ఒకేసారి పలికారు. లీడరు బావ అలవాటు కొద్దీ ఫోను చెవి దగ్గర పెట్టుకుని "చెప్పమ్మా" అన్నాడు. తొట్టెలో పిల్లవాడు కదల్లేదు, వాడి నిద్ర వాడిదే.

"సూసిన్రా? పిలిస్తే అయిదుగురు పలికిన్రు. పలకాల్సినోడు పండుకున్నడు. గీ పేరుకు ఇప్పటికే మస్తు మందున్నరు, ఇగ పిల్లగానికి జాగ లేదు" అన్నాను. తర్వాత కోడలి వైపు తిరిగి, "బిడ్డా, రేపు అంగట్ల వాడు తప్పిపోతే ఏమని మొత్తుకుంటవో, గదే పేరు వెట్టు" అన్నాను.

ఆమె వంగి, పిల్లవాడి చెవిలో మూడుసార్లు చెప్పింది. మూడోసారి అందరికీ వినపడేటట్టు చెప్పింది. నా కొడుకు, నడిమిట్ల పెట్టవద్దన్నవాడు, ఎవరి మొహమూ చూడకుండా ఆ పేరే బియ్యంలో రాసేశాడు.

ఆ తర్వాత జరిగిందంతా పెద్దమనుషుల కంగారు. పేరు పెట్టలేదన్న బాధ కంటే, నేను పలికానన్న భయం వాళ్లకు ఎక్కువైంది. "మొగని పేరు వెట్టి పిలుస్తదా ఏందిది?" అన్నాడు లీడరు బావ. ఆ వెంటనే, తగ్గేది ఎవరి ఆయుష్షన్న అనుమానం అందరికీ ఒకేసారి వచ్చినట్టుంది, చప్పబడిపోయారు. డాక్టరు బావ సంచిలోంచి బీపీ మిషను తీసి, ముందు తనది చూసుకుని, తర్వాత మా ఆయనకు కట్టాడు. గుడి మరిది తన పేరు మీద అర్చన చేయించాలని పంతులుగారిని అడిగాడు. మిగతావాళ్లు మాకూ మాకూ అన్నారు. "పేరొకటే, గోత్రం ఒకటే, అందరికీ ఒక్క అర్చన చాలు" అన్నారు పంతులుగారు. ఒకరి పుణ్యం ఇంకొకరికి పోతుందేమోనని అది ఎవరికీ నచ్చలేదు, విడివిడిగా చేయించుకోవడానికే ఒప్పుకున్నారు. ఇంత బాధలోనూ మటన్ మాత్రం రెండోసారి వడ్డించుకున్నారు.

సాయంత్రానికి అందరూ వెళ్లిపోయారు. లోపల నా కోడలు పిల్లవాణ్ని పేరుపెట్టి పిలుస్తోంది. పాలకు పిలుస్తోంది, నీళ్లకు పిలుస్తోంది, ఏ పనీ లేకపోయినా పిలుస్తోంది. బయట మా ఆయన కుర్చీలు ఒకదాని మీద ఒకటి పేరుస్తున్నాడు. తన పేరు కాదన్నందుకు కోపం వచ్చిందేమోనని దగ్గరికి వెళ్లాను.

"ఇంకోపారి అను" అన్నాడు, కుర్చీల వైపే చూస్తూ.

"ఏంది?"

"గదే. నా పేరు."

"ఎందుకు, బీపీ మల్ల సూపిచ్చుకుంటవా?" అన్నాను.

ఆయన నవ్వలేదు. "కంపెనీల సూపర్వైజరు పిలిచిండు, బ్యాంకుల పిలిచిన్రు. పనివడ్డోళ్లంత పిలిచిన్రు. నువ్వు పిలిస్తే ఎట్లుంటదో నాకు తెల్వదు. ఇందాక నువ్వు అన్నప్పుడు ఆళ్లతోని కలిసి నేను గూడ ఆఁ అన్న. ఆ లొల్లిల సక్కగ ఇనలే."

ఇన్నేళ్లూ పేరు పలకలేకపోయినందుకు ఏడ్చింది నేనొక్కదాన్నే అనుకున్నాను. పిలిపించుకోని మనిషి ఒకడు అదే ఇంట్లో, నా పక్కనే అన్నం తింటున్నాడని నాకు ఎన్నడూ తట్టలేదు.

సందు అటూ ఇటూ చూశాను. తర్వాత, దగ్గరగా వెళ్లి, మెల్లగా పిలిచాను.

ఒక్కడే పలికాడు.